మతిమరుపు వయసుదా, మాత్రదా?

పెద్దవాళ్ల మతిమరుపుకు వాళ్లు రోజూ మింగే మాత్రలే కారణమేమోనని ఇళ్లలో ఎవరూ ఆలోచించడం లేదు. కొత్త విషయం మెదడులో నిలవాలంటే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం నరాల కణాల మీద దాన్ని అందుకునే రిసెప్టర్లకు అందాలి. చాలా జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమైన్, మూత్రం ఆపుకోలేనివారికి రాసే ఆక్సీబ్యుటినిన్ ఆ రిసెప్టర్లనే అడ్డుకుంటాయి. మా అమ్మకు 74 ఏళ్లు. తుమ్ము వచ్చినప్పుడల్లా వీధి చివర మందుల షాపు నుంచి జలుబు మాత్ర తెప్పించుకుని నెలల తరబడి వేసుకుంది. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయేది, అన్నం తిన్నానా అని మళ్లీ మళ్లీ అడిగేది. వయసు మీద పడిందిలే అనుకున్నాం. డాక్టరు ఆ మాత్ర మాన్పించాక మూడు వారాల్లో చాలావరకు తేరుకుంది. (అందరికీ ఇలాగే జరుగుతుందని కాదు.) మా పక్కింటాయనది మరీ విడ్డూరం: ఒక డాక్టరు జ్ఞాపకశక్తికి అసిటైల్‌కోలిన్‌ను పెంచే డోనెపెజిల్ రాస్తే, ఇంకొకరు దాని పనికే అడ్డుపడే ఆక్సీబ్యుటినిన్ రాశారు. ఇలాంటి మాత్రల అట్టల మీద ‘వృద్ధుల్లో మతిమరుపు రావచ్చు’ అని తెలుగులో ముద్రించాలి. బీపీ, షుగరు పరీక్షకు వచ్చే పెద్దవాళ్ల చేత ఇంట్లో ఉన్న మాత్రలన్నీ తెప్పించి, ప్రభుత్వాసుపత్రి ఫార్మసిస్టు ఒకసారి చూసి డాక్టరుకు చెప్పాలి.

– ఒక పాఠకురాలు, తెనాలి