వరద హెచ్చరికలో ఒక్క మాట చేర్చండి

సంపాదకుడు గారికి,

అయ్యా,

మా వీధివాళ్ళందరూ బుడ్డోడు అని పిలుచుకున్న కుక్క గత నెలలో చనిపోయింది. బుడమేరు వాగు వరద దానిని మాకు అప్పజెప్పి వెళ్ళింది కాబట్టి ఆ పేరు పెట్టారు. దాని కథ ఒక వీధి ముచ్చటగా ముగిసిపోకూడదనీ, అధికారుల దృష్టికి రావలసిన విషయం అందులో ఒకటి ఉందనీ అనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్ళు విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటలను ముంచెత్తిన సంగతి ఈ ఊళ్ళో ఎవరూ మరిచిపోలేదు. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు పోయింది. అటు కృష్ణ, ఇటు బుడమేరు మీదపడిన ఆ రోజుల్లో పడవల మీద ముందు మనుషులను, అందులోనూ పసిపిల్లలను, ముసలివాళ్ళను ఎక్కించుకోవడం న్యాయమే. దానిని నేను తప్పుపట్టడం లేదు. అయితే మా వెనక వీధిలో అద్దెకున్న ఒక కుటుంబం ఇల్లు వదిలి వెళ్తూ తమ కుక్కను గేటుకు గొలుసుతో కట్టి ఉంచినట్టే వదిలేసి వెళ్ళిపోయింది. మా మేడ మీద చిక్కుకుపోయిన మేము రెండు రాత్రులు దాని అరుపులు విన్నాం. మూడో రోజు అరుపు ఆగిపోయింది. అది ఆగిన తరువాత కలిగిన బాధ అరుపు విన్నప్పటి బాధకంటే ఎక్కువ.

దానిని తెచ్చింది మా వీధి చివర ఉండే ఒక ఆటో డ్రైవరు. తన ఆటో ఇంజను దాకా మునిగిపోయి, రేపటి తిండి ఎలాగో తెలియని స్థితిలో ఉన్న మనిషి, లారీ ట్యూబు ఒకటి పట్టుకుని ఛాతీ లోతు నీళ్ళలో వెళ్ళాడు. కుక్క గేటు కమ్మీల మీద ముందు కాళ్ళు ఆనించి, ముట్టె మాత్రం నీటి పైకి పెట్టి నిలబడి ఉందట. తుప్పుపట్టిన కొక్కెం ఊడదీయడానికి చాలాసేపు పట్టిందని చెప్పాడు. భుజాన వేసుకుని తెచ్చి మా మెట్ల మీద దించినప్పుడు చూశాను, మెడలో పట్టా కనిపించలేదు. పట్టా చుట్టూ కండ పెరిగి దానిని మింగేసింది. ఆ పుండు నిండా పురుగులు. అది వరద చేసిన గాయం కాదు. కుక్కపిల్లగా ఉన్నప్పుడు కట్టిన పట్టాను, మెడ లావెక్కినా, ఎవరూ నెలల తరబడి వేలు పెట్టి చూడకపోవడం వల్ల అయిన గాయం.

పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన నీళ్ళు తీసేదాకా రోజూ పుండు కడిగి, పట్టకారుతో పురుగులు తీశారు. దారులు తెరుచుకున్నాక డాక్టరు చేత ఆ పట్టాను కోయించింది కూడా ఆయనే. బండి మీద ఇడ్లీలు అమ్ముకునే ఒక అమ్మ, వరదలో తన గ్రైండరు పాడైపోయి అప్పు చేసి వ్యాపారం మళ్ళీ మొదలుపెట్టి కూడా, మొదటి వాయి చల్లారగానే రెండు ఇడ్లీలు పెరుగులో పిసికి దానికి పెట్టేది. తరువాత దానికి సంతాన నిరోధక ఆపరేషను, రేబిస్ టీకా వేయించాం. కరుస్తుందేమోనని మొదట్లో అభ్యంతరం చెప్పిన ఇరుగుపొరుగు భయం కూడా నిజమైనదే. ఆ టీకా చీటీ చూపించాకే వారు ఒప్పుకున్నారు. చివర్లో మూత్రపిండాలు చెడిపోయి లేవలేకపోయినప్పుడు, ఇంటర్ చదివే ఒక అమ్మాయి దాని తలను ఒళ్ళో పెట్టుకుని చెంచాతో నీళ్ళు తాగించింది. వీరిలో ఎవరికీ ఎవరూ ఒక్క రూపాయి ఇవ్వలేదు, వీరు అడగనూ లేదు.

1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షను ప్రకారం మరీ కురచ గొలుసుతో అదేపనిగా కట్టేయడం, తిండీ నీళ్ళూ పెట్టకపోవడం, ఆకలికి వదిలేసి పోవడం నేరాలే. కానీ తొలిసారి దొరికితే జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. ఇప్పుడు ఒక ప్లేటు టిఫిను ఖరీదు. ఆ చట్టాన్ని మార్చవలసింది పార్లమెంటు. అంతవరకూ ఆగనవసరం లేకుండా మన జిల్లా యంత్రాంగం, నగరపాలక సంస్థ చేయగలిగినది ఒకటుంది.

మా అమ్మమ్మది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెనలో కట్టుగొయ్యల దగ్గరే చచ్చిపడి ఉన్న పశువులను చూసిన మనిషి ఆమె. గాలి ఉద్ధృతమైతే ముందు పలుపులు కోసేయాలని బతికినన్నాళ్ళూ చెప్పేది. విప్పిన గొడ్డు ఏ గట్టో చూసుకుంటుంది, కట్టిన గొడ్డుకు ఆ అవకాశం లేదు. పల్లెలో ప్రతి రైతుకూ తెలిసిన ఈ సంగతి పట్నంలో గొలుసుతో కుక్కను పెంచుకునేవారికి ఎవరూ చెప్పడం లేదు. విపత్తుల నిర్వహణ సంస్థ సెల్‌ఫోన్లకు పంపే హెచ్చరికల్లో, సచివాలయ సిబ్బంది మైకులో చేసే ప్రచారంలో "ఇల్లు వదిలేముందు పెంపుడు జంతువుల కట్లు విప్పండి" అన్న ఒక్క వాక్యం చేర్చాలని కోరుతున్నాను. అమెరికాలో 2005 నాటి కత్రినా తుఫాను తరువాత, పెంపుడు జంతువులను కూడా ప్రభుత్వ తరలింపు ప్రణాళికల్లో చేర్చాలని మరుసటి ఏడాదే చట్టం చేశారు. మనం అంత దూరం వెళ్ళలేకపోయినా, మనుషుల తరలింపు పూర్తయిన వీధుల్లోకి కట్టి ఉన్న మూగజీవాల కోసం ఒక పడవను పంపవచ్చు. అలాంటి పనికి మా వీధి నుంచే నలుగురు వస్తారని, వారితో మాట్లాడే ఈ మాట రాస్తున్నాను.

వచ్చే వానాకాలానికి ముందుగా జరిగే వరద సన్నద్ధత సమావేశంలో ఈ విషయాన్ని చర్చకు తీసుకోవాలని మీ పత్రిక ద్వారా జిల్లా కలెక్టరు గారికి, నగరపాలక సంస్థ కమిషనరు గారికి విన్నవించుకుంటున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
అజిత్‌సింగ్ నగర్, విజయవాడ