పాత సాన వజ్రం జత కుదరలేదు, వెనక్కి తీసుకోండి

ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: మా అమ్మమ్మ దుద్దుకు జతగా మీరు పంపిన 90 సెంట్ల (0.90 క్యారెట్) ఓల్డ్ మైన్ కట్, అంటే పాత కాలంలో చేత్తో సాన పట్టిన, వజ్రం వాపసు గురించి.

అయ్యా,

మీ దగ్గర రూ. 2,80,000 పెట్టి కొన్న వజ్రం మా ఇంటికి వచ్చి పదకొండు రోజులైంది. ఇది మా రాయికి జత కాదని వచ్చిన రోజు సాయంత్రమే మీ ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పాను, మర్నాడు మెయిల్ కూడా పెట్టాను. నేను పంపిన కొలతలన్నీ సరిపోయాయి కాబట్టి వాపసు కుదరదని జవాబు వచ్చింది. నా ఫిర్యాదు ఆ జవాబు మీదే. కొలతలు కలిసే రాయి కావాలని నేను ఎప్పుడూ అడగలేదు. రెండు చెవులకు పెట్టుకుంటే చూడడానికి ఒకేలా ఉండే రాయి కావాలని అడిగాను. నా మొదటి మెయిల్లో మొదటి వాక్యమే అది, తీసి చూడండి.

ఈ దుద్దులు మా అమ్మమ్మవి. ఆమె పెళ్లికి మద్రాసులో చేయించారట. ఒంటిరాయి దుద్దులు, ఒక్కో చెవికి ఒక్కో రాయి. ఇంట్లో అందరూ వాటిని జాగర్ రాళ్ళు అనేవారు. దక్షిణాఫ్రికాలోని జాగర్స్‌ఫోంటైన్ గని పేరు మీద వచ్చిన మాట అది. ఎండలో కొంచెం నీలిగా మెరిసే తెల్లటి రాళ్ళను మన వైపు పాత తరం వాళ్ళు అలా పిలిచేవారు. మా రాళ్ళు నిజంగా ఆ గనివో కావో నాకు అక్కర్లేదు. అమ్మమ్మ వంటింట్లోంచి పెరట్లోకి వచ్చినప్పుడు ఆ చెవి దగ్గర ఒక్కసారి వెలిగే నీలి మెరుపు నాకు తెలుసు. అమ్మ పెట్టుకున్నప్పుడూ అదే చూశాను. పోయిన వేసవిలో కట్టు వదులై ఒక రాయి ఎక్కడో ఊడిపడిపోయింది. ఇల్లంతా ఊడ్చి, చీపురు దులిపి, ఆ చెత్తంతా జల్లెడ పట్టి చూశాం. దొరకలేదు. మాఘంలో మా అమ్మాయి పెళ్లి. ఆ పిల్ల చెవికి అవే పెట్టాలని మా అమ్మ కోరిక.

మా ఆచారి గారు మిగిలిన రాయిని విప్పి గేజ్‌తో కొలిచారు. 6.0 బై 5.8 మిల్లీమీటర్లు, లోతు 4.0, తూకం 88 సెంట్లు. అంకెలు కావాలని మీరు అడిగితేనే పంపాను. వాటితో పాటు కిటికీ దగ్గర తీసిన ఫోటోలు, రెండు వీడియోలు కూడా పంపాను. మీ దగ్గరున్న రాళ్ళను కూడా మామూలు పగటి వెలుగులో వీడియో తీసి పంపమని మూడుసార్లు అడిగాను. వచ్చింది ఒక పట్టిక. పొడవు, వెడల్పు, లోతు శాతం, టేబుల్ (రాయి పైనుండే పెద్ద చదును పలక) శాతం. ఏ అంకె మా రాయికి దగ్గరగా ఉందో పసుపు రంగు వేసి చూపించారు. వీడియో ఎల్ఈడీ దీపాల కింద తీసిన ఇరవై సెకన్లది ఒకటే వచ్చింది. ఆ దీపాల కింద ఏ రాయైనా మెరుస్తుంది. మళ్ళీ అడిగితే, రాయి అమ్ముడుపోయేలా ఉంది, త్వరగా చెప్పండి అన్నారు. ఆ టెన్షన్లో డబ్బు కట్టాను.

పెట్టె తెరిచాక రెండు రాళ్ళనూ తెల్ల చేతిరుమాలు మీద పక్కపక్కన పెట్టాను. సాయంత్రం కిటికీ దగ్గర, తర్వాత ట్యూబులైటు కింద, మర్నాడు పొద్దున ఎండలో, ఆఖరికి దేవుడి దగ్గర దీపం ముందు కూడా చూశాను. మా రాయిలో పలకలు పెద్దవి. తల కాస్త తిప్పితే ఒక పలక నిండుగా వెలిగి ఆరుతుంది, ఆ వెంటనే పక్కది అందుకుంటుంది. దీపం ముందైతే ఎరుపు, ఆకుపచ్చ రంగులు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. ఇలాంటి సాన పుట్టింది కరెంటు లేని రోజుల్లో, దీపాల వెలుగులో చూసుకునే వాళ్ళ కోసం. మీ రాయి నడిమధ్య నల్లగా చచ్చినట్టు ఉంది. అంచుల చుట్టూ మాత్రం సన్నని చుక్కల్లాంటి మెరుపులు. ఎండలోకి తెస్తే మా రాయి నీలిగా తేలిపోతుంది, మీది లేత పసుపుగానే ఉంటుంది. దానికి ఫ్లోరసెన్స్ (ఎండలోని అతినీల కిరణాలకు వెలిగే గుణం) లేదని మీరిచ్చిన రిపోర్టులోనే రాసి ఉంది. మాది జాగర్ రాయి అని నేను రాసినప్పుడు కనీసం ఆ ఒక్క సంగతైనా మీ వాళ్ళు చూసి ఉండాల్సింది. డెబ్బై తొమ్మిదేళ్ళ మా అమ్మ కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా ఏది మనదో చెప్పేసింది.

కొలతలు ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడుంది అని మీ సేల్స్ అబ్బాయి అడిగాడు. మర్యాదగానే అడిగాడు, తెలియక అడిగాడు. కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మీ పట్టికలో ఉన్న లోతు శాతం రాయి మొత్తం లోతుకు సంబంధించింది. అందులో నడుం (రాయి చుట్టూ అన్నిటికంటే వెడల్పైన అంచు) పైన ఎంత, కింద ఎంత అన్నది ఆ అంకె చెప్పదు. మా రాయికి పైభాగం ఎత్తు, చిన్న గోపురంలా పక్కనుంచి చూస్తేనే తెలుస్తుంది. మీ రాయికి పైభాగం అణిగిపోయి బరువంతా కింద ఉంది. మొత్తం లోతు మాత్రం రెండింటికీ దాదాపు 68, 69 శాతమే. కింద అంత లోతున్న రాయిలో పడిన వెలుగు సరిగా తిరిగి పైకి రాదు, అందుకే నడుమ ఆ నలుపు. ఇక క్యూలెట్. పాత రాళ్ళకు అడుగున మొన ఉండదు, చిన్న పలకగా కోసి ఉంటుంది. మా రాయిని పైనుంచి చూస్తే మధ్యలో గుండ్రటి కన్నులా కనబడేది అదే. మీ రాయికి ఎవరో తర్వాత మళ్ళీ సాన పట్టి ఆ కన్నును దాదాపు మూసేశారు. పది రెట్ల లెన్సులో మా ఆచారి గారు చూపించారు. పైగా ఇవి చేత్తో సాన పట్టిన రాళ్ళు. పైభాగంలోని ఎనిమిది ముఖ్యమైన పలకలూ ఎనిమిది వాలుల్లో ఉంటాయి. ఒక్క శాతంలో వాటన్నిటినీ ఎలా పట్టగలం?

లెక్కలతో రాయిని ఎంచడం ఈనాటి గుండ్రటి బ్రిలియంట్ కట్ వజ్రాలకు పనికొస్తుంది, కాదనను. 1919లో వజ్రాల వ్యాపార కుటుంబానికి చెందిన ఇంజనీరు మార్సెల్ టోల్కోవ్‌స్కీ కట్టిన లెక్కల దారిలో, ఆ కొలతల కోసమే తయారయ్యే రాళ్ళవి. 2006లో వజ్రాలను పరీక్షించే అమెరికా సంస్థ జీఐఏ కట్ గ్రేడు మొదలుపెట్టింది కూడా ఆ గుండ్రటి రాళ్ళకే. ఓల్డ్ మైన్ రాళ్ళు అంతకు ముందు కాలానివి. ముడి రాయి ఆకారం పోకుండా, బరువు వీలైనంత మిగిలేలా, సాన పట్టే మనిషి కంటితో చూసుకుంటూ చేసినవి. వాటిని ఎంచుకోవలసింది కూడా కంటితోనే.

మన ఇళ్ళల్లో ఇది కొత్త సంగతి కాదు. రవ్వ కొనేముందు దాన్ని కొన్నాళ్ళు ఇంట్లో ఉంచుకుని, పడిందో లేదో చూసుకుని అప్పుడు డబ్బు కట్టే పద్ధతి మా అమ్మ చిన్నప్పటి నుంచీ చూసింది. పడడం, పడకపోవడం మీద మీకు నమ్మకం లేకపోవచ్చు. కానీ ఆ నాలుగు రోజుల్లో రాయిని ఎండలో, నీడలో, రాత్రి దీపంలో ఇంటిల్లిపాదీ చూసేవారు. మీ వ్యాపారంలోనూ జాంగడ్ మీద, అంటే డబ్బు కట్టకముందే నచ్చకపోతే తిరిగిచ్చే షరతుతో, రాయి ఇచ్చి చూసుకోమనడం రోజూ జరిగేదే కదా. వ్యాపారి వ్యాపారికి ఇచ్చే ఆ అవకాశం ఇన్ని లక్షలు పెట్టే కొనుగోలుదారుకు ఎందుకు ఇవ్వరు?

నాకు అన్నిటికంటే బాధ కలిగించింది మీ మేనేజర్ గారి సలహా. రెండు రాళ్ళనూ పంపితే కొత్త కొలతలకు మళ్ళీ సాన పట్టించి జత చేసి ఇస్తామన్నారు, మా రాయి ఇంకా బాగా మెరుస్తుందన్నారు. మన గోల్కొండ గనులదని చెప్పుకునే కోహినూరును లండన్‌లో అలాగే చేశారు. 1851 ప్రదర్శనలో జనానికి అది మెరవలేదనిపించిందని 1852లో మళ్ళీ కోయించారు. సుమారు 186 క్యారెట్ల రాయి 105.6కి వచ్చింది. పోయిన బరువు సంగతి అటుంచండి, వందల ఏళ్ళు మన వాళ్ళు చూసిన ఆ రాయి రూపాన్ని ఇక ఎవరూ చూడలేరు. మా అమ్మమ్మ రాయి చాలా చిన్నది. కానీ దాని మీద సాన చక్రం పెట్టమని నేను ఎప్పటికీ ఒప్పుకోను. దయచేసి ఇంకెవరికీ ఈ సలహా ఇవ్వకండి.

నేను కోరేది ఇది. ఈ రాయిని వెనక్కి తీసుకుని, కొరియర్, ఇన్సూరెన్స్ ఖర్చులతో సహా మొత్తం డబ్బు తిరిగి ఇవ్వండి. ఒప్పుకున్న లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మేవాళ్ళు అనకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. మన మధ్య ఒప్పందం ఏమిటో నా మెయిళ్ళలో స్పష్టంగా ఉంది. ఈ లేఖ అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలని, నెల రోజుల్లో పరిష్కరించాలని కూడా ఆ నిబంధనలే చెబుతున్నాయి. అప్పటికీ తేలకపోతే 1915 నంబరు వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఆ తర్వాత జిల్లా కమిషన్‌కు వెళ్తాను.

అలాగని మీతో తెగతెంపులు చేసుకోవాలని లేదు. మీ దగ్గర పాత రాళ్ళు చాలా ఉన్నాయి, మాకు ఇంకా జత కావాలి. డిపాజిట్ కట్టడానికి సిద్ధంగా ఉన్నాను. పైభాగం ఎత్తుగా, క్యూలెట్ తెరుచుకుని, నీలి ఫ్లోరసెన్స్ ఉన్న రాళ్ళు మూడో నాలుగో తీసుకుని మీ మనిషి మా ఊరు వస్తే, మా కిటికీ దగ్గరే మా రాయి పక్కన పెట్టి చూస్తాం. తూకం అయిదారు సెంట్లు అటూ ఇటూ ఉన్నా, టేబుల్ నాలుగు శాతం తేడా ఉన్నా నేను అడగను.

మీ రాయి, రిపోర్టు, పెట్టె, బిల్లు అన్నీ వచ్చినవి వచ్చినట్టే బీరువాలో ఉన్నాయి. రాయిని ఎక్కడా పొదిగించలేదు. మనిషిని పంపేముందు రెండు రోజులు ముందుగా చెప్పండి. పొద్దున ఎనిమిది నుంచి పది మధ్య రమ్మనండి, మా తూర్పు కిటికీలో ఎండ అప్పుడే బాగుంటుంది.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
విజయవాడ