పెరట్లో పూల్ సరే, కింద ఊరే నీళ్ల సంగతేంటి?

సంపాదకుడు గారికి,

మా కోనసీమలో ఇప్పుడు ఎవరు ఇల్లు కట్టినా పెరట్లో స్విమ్మింగ్ పూల్, చుట్టూ అద్దంలా మెరిసే టైల్స్ ఉండాల్సిందే. సరదాని తప్పుపట్టను. కానీ ఇది డెల్టా బంకమట్టి అండీ, వానాకాలం కాస్త తవ్వితే చాలు నీళ్లు ఊరతాయి. మా బంధువులు శ్రావణంలో కడుగుదామని పూల్ మొత్తం తోడేస్తే, రెండో రోజుకి కింది నీటి ఒత్తిడికి తొట్టి ఓ పక్క జానెడు పైకి లేచి, గట్టు మీది టైల్స్ పెళ్లలుగా ఊడిపోయాయి. అడుగున, కింది నీటి ఒత్తిడిని తగ్గించే ప్రెజర్ వాల్వ్ ఉండాలని కాంట్రాక్టర్ చెప్పనే లేదట! గట్టుకి గరుకు రాయి వేయించుకోండి, తడి కాలు జారదు. కొబ్బరిచెట్టు కింద మాత్రం కుర్చీలు వద్దు బాబూ. నన్నడిగితే, పెంకుటింటి చూరు కింద చల్లటి అరుగుంటే, పెరట్లో రాళ్లు పరిచి కూర్చోడానికి చేసే ఆ పాటియో ఎందుకు?

- ఒక పాఠకుడు, అమలాపురం