తుంబురు కోన చూసొచ్చాక రామూకి రాసిన ఉత్తరం

తిరుపతి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ రామూ,

అమెరికాలో నువ్వు చూసి పంపిన ఆ నారోస్ కోన ఫోటోలకు ఇంతవరకూ ఒక్క ముక్కా రాయలేదని అలిగి ఉంటావు. క్షమించరా. పేపర్లు దిద్దడం, ఇంటికి రంగులు, పాప పదో తరగతి పరీక్షల టెన్షన్, వీటితోనే సరిపోయింది. అందరం బాగున్నాం. చిన్నోడి పళ్లకు క్లిప్పులు వేయించాం. పాత స్కూటర్ అమ్మేశాను.

అసలు సంగతి: మన తిరుమల అడవిలోని తుంబురు తీర్థం వెళ్లొచ్చాను!

అవును, మిద్దె మీద పడుకున్నప్పుడల్లా మీ నాన్న చెప్పిన ఆ కోనే. "అక్కడ ఆకాశం పంచె అంచంత వెడల్పే" అనేవాడు, గుర్తుందా? నువ్వు దుప్పటి కింద నవ్వేవాడివి. ఇంక నవ్వకు. అక్షరాలా అంతే ఉంది.

ఏడాదంతా ఆ దారి మూసే ఉంటుంది కదా. ఫాల్గుణ పౌర్ణమికి జరిగే తీర్థ ముక్కోటి పండక్కి దేవస్థానం, అటవీ శాఖ కలిసి జనాన్ని వదులుతాయి. పాపవినాశనంలో బస్సు దిగేటప్పటికి ఇంకా చీకటిగానే ఉంది. సేవకులు వేడి పొంగలి పెట్టారు. డ్యామ్ దాటి, సనకసనందన తీర్థం మీదుగా అడవిలోకి నడక. మొదటి గంట గురించి రాయడానికేం లేదు. బండలు, బోద గడ్డి, గోవింద నామాలు, అక్కడక్కడా ఎర్రచందనం మానులు. ఆ మానుల్ని చూస్తుంటే కడుపు మండుతుంది, ఎన్ని మొదళ్లు... సరే, ఇప్పుడు అది మొదలుపెడితే ఈ కాగితాలు చాలవు.

తర్వాత దారి లోయలోకి దిగుతుంది. తాడు పట్టుకుని ఒక్కొక్కరే దిగాలి. కిందకి దిగి ఏటి వెంట ఒక మలుపు తిరిగామో లేదో, రెండు పక్కలా గోడలు లేచి నిలబడ్డాయి. అంతసేపూ వాగుతున్న కుర్రాళ్ల గుంపు కూడా నోరు మూసుకుంది.

నీ నారోస్ ఇసుకరాయి కదా. వర్జిన్ నది దాన్ని అరగదీసి అరగదీసి వంపులు తిప్పింది. మనది క్వార్ట్‌జైటురా! ఇసుక రేణువుల సందుల్లో సిలికా చేరి గట్టిపడిన రాయి, నీళ్లకు ఓ పట్టాన కరగదు, అరగదు. అందుకే గోడలు నిట్టనిలువుగా, మూలలు పదునుగా ఉన్నాయి. ముందు పగులు, తర్వాతే నీళ్లు. రాతిలో ఎప్పుడో పడ్డ నిలువు పగుళ్లను వెతుక్కుంటూ ఏరు పోయింది. సందుల్లో చెట్ల వేళ్లు దూరతాయి, బండ వదులై ఊడిపడుతుంది, కార్తీక మాసపు వరద దాన్ని దొర్లించుకుపోతుంది. పైన రాలడానికి సిద్ధంగా ఉన్న బండల్ని చూస్తే ఆ పని ఇంకా జరుగుతూనే ఉందని తెలుస్తుంది.

ఒక పడిపోయిన పలక మీద అలల గుర్తులు కనిపించాయి. లోతులేని సముద్రంలో ఇసుక మీద నీళ్లు ఆడిన గీతలు. అప్పటికి భూమ్మీద చేప లేదు, చెట్టు లేదు. 150 కోట్ల ఏళ్లు దాటిన ఆ గీతల మీద ఎవరో మజ్జిగ గ్లాసు పెట్టి వెళ్లారు. తీసి సంచిలో వేసుకున్నాను. మనకి రాళ్ల పాఠం చెప్పిన సుత్తి సార్ గుర్తొచ్చాడురా. ఘాట్ రోడ్డులో బస్సు ఆపించి, ఒక చెయ్యి కింది గ్రానైటు మీద, ఇంకో చెయ్యి పైన క్వార్ట్‌జైటు మీద పెట్టించి, "మీ రెండు చేతుల మధ్య 80 కోట్ల ఏళ్లు లేవు, వెతకండి" అన్నాడే! అన్నేళ్ల కాలానికి చెందిన రాయి అక్కడ లేదని. నువ్వు నాలుకతో పరీక్ష చేసింది కూడా అక్కడే. 2001లో ఆ చోటుని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా ప్రకటించారు. నీ ఎంగిలితో సహా.

అవ్వ గురించి చెప్పాలి. దాని కోసమే ఈ ఉత్తరం.

తల పైకెత్తుకుని నడుస్తుంటే వెనక నుంచి ఎవరో నా చొక్కా పట్టుకుని లాగారు. "నాయనా, పైకి చూడాలంటే నిలబడి చూడు. నడిస్తే కాళ్ల కింద చూడు. రెండు పన్లూ ఒకేసారి వద్దు." డెబ్బై దాటి ఉంటాయి. చెప్పుల్లేవు. చీర గోచి పోసి కట్టింది, నడుముకి గుడ్డసంచి. అక్కణ్నించి ఆమె ముందు, నేను వెనక.

తరిగొండ పక్క ఊరంట. పేరు వినగానే నాకు వెలిగింది. వెంకన్న భక్తురాలు, కవయిత్రి తరిగొండ వెంగమాంబ ఈ కోనలోనే గుహలో ఏళ్ల తరబడి తపస్సు చేసిందని చెబుతారు కదా. ఆ మాటే అంటే అవ్వ ఆగింది. "మావూరి పక్క ఆడబిడ్డ నాయనా. మొగుడు పోతే బొట్టు తీయమన్నారు, గుండు చేయించుకోమన్నారు. నా మొగుడు ఏడుకొండలోడు, ఎందుకు తీస్తానని ఎదురు నిలిచింది. ఊళ్లో ఉండనీకపోతే కొండకొచ్చింది. ఒంటరిగా ఇంత లోపలికొచ్చి కూర్చుంది. ఏడాదికొక్కసారైనా పుట్టింటోళ్లం రావద్దా?"

సంచిలో ఏముందో అప్పుడు చూపించింది. పసుపు, కుంకుమ, ఒక రవికగుడ్డ. పుట్టింటి సారె.

రామూ, ఏం మాట్లాడాలో నాకు తెలీలేదు. వెంగమాంబ పేరు పెట్టిన అన్నప్రసాద భవనంలో మనం ఎన్నిసార్లు తిన్నాం! ఆమె గుహ వెతుక్కుంటూ సారె పట్టుకొచ్చే మనుషులున్నారని ఎప్పుడైనా అనుకున్నామా? మా ఇంట్లో చెప్తే మా ఆవిడ కళ్లు తుడుచుకుంది.

అవ్వకి కోపం కూడా ఉంది. ఒక కుర్రాడు పక్కవాళ్లకి తీర్థం కథ చెబుతున్నాడు. తుంబురుడు మాఘస్నానం చేయనన్న పెళ్లాన్ని కప్పవై పడుండమని శపించాడని, అగస్త్యుడు తీర్థ మహిమ చెబుతుంటే విని ఆమెకు మళ్లీ రూపం వచ్చిందని. అవ్వ వినీ వినగానే "చలికి నీళ్లల్లో మునగనంటే కప్పని చేసేస్తాడా? అట్టాంటోడి పేరు పెట్టినారు చూడు కోనకి!" అంది. కుర్రాడు మళ్లీ మాట్లాడలేదు. నాకైతే ఆమె మాటే న్యాయం అనిపించింది, నువ్వేమంటావు?

కోన ఇంకా ఇరుకైంది. ఒక చోట నడవడానికి గట్టు లేదు, గోడ నుంచి గోడ దాకా నీళ్లే. అడ్డంగా తాడు కట్టారు. ఆ చోటేంటో చూడగానే గుర్తుపట్టాను! మీ నాన్న సద్దిమూట నెత్తిన పెట్టుకుని, ఛాతీ లోతులో, మీ పెదనాన్న భుజం పట్టుకుని దాటిన మడుగు. ఎడమ గోడకి ఏనుగు మోకాలంత పొడుచుకొచ్చిన రాయి ఉంటుందనేవాడే, అదీ ఉంది. కాకపోతే ఇప్పుడు నీళ్లు నడుము దాకానే. 2021 నవంబర్ వానలకి పైనుంచి బండలు వచ్చి పడి పూడిందని అవ్వ చెప్పింది.

అక్కడ క్యూ ఆగింది. చల్లటి నీళ్లలో నిలబడ్డాం. పైన తేనెపట్టు వేలాడుతోంది, దాని కింద రాతి నెర్రెలో తెల్లగా గుత్తులుగా గుడ్లు, బంగారు బల్లులవి. అవి ఒకే చోట కలిసి పెడతాయి. అవ్వ ఉన్నట్టుండి హారతి పాట ఎత్తుకుంది. గొంతు సన్నం, ఊపిరి కూడా సరిగ్గా అందడం లేదు. కానీ ఆ గోడలు ఏం చేశాయంటే, ఒక చరణం ముగియకముందే మొదటి మాట తిరిగొచ్చి కలిసేది. తిరిగొచ్చే మాట కోసం ఆమె ఆగేది, మళ్లీ అందుకునేది. కొండతో కలిసి పాడినట్టే. మనకి ఏమీ రాకపోయినా... ఇది రాతలో రాదురా, వదిలెయ్.

చివర నీళ్లు దూకే చోట అందరం తడిశాం. గుహ దాకా పోవడానికి అక్కడి సిబ్బంది ఒప్పుకోలేదు. అవ్వ గొడవపడలేదు. గోడకే పసుపు రాసి బొట్టు పెట్టింది, రవికగుడ్డ పక్కనే ఉన్న ముసలావిడకిచ్చి "యెంగమ్మ ఇచ్చిందనుకో" అంది. తిరుగు దారిలో జనంలో తప్పిపోయింది. పేరు కూడా అడగలేదు నేను.

సాయంత్రం నేరుగా మీ ఇంటికే వెళ్లాను, తడి బట్టల సంచితోనే. మీ నాన్న మోకాళ్లకి నూనె రాసుకుంటున్నాడు. మడుగు పూడిందంటే చాలాసేపు ఒప్పుకోలేదు. "ఎడమ గోడ వైపు చూశావా? ఏనుగు మోకాలు దాటాక లోతు" అని మళ్లీ మళ్లీ అడిగాడు. తర్వాత ఉన్నట్టుండి "వాడు రాలేదే" అన్నాడు. అంతే, వేరే మాట ఎత్తాడు. నిన్ను బాధపెట్టాలని కాదు, చెప్పకుండా ఉంచుకోలేక రాస్తున్నా. ఈ మధ్య మాటలు తగ్గించేశాడు. నువ్వు ఫోన్ చేసినప్పుడు ఆరోగ్యం గురించి కాదు, కోన గురించి అడుగు.

ఇంకా బోలెడుంది. దిగేటప్పుడు కనిపించిన బెట్లుడుత, నెల్లూరు కుర్రాళ్ల కథ... కానీ పాప ట్యూషన్ ఐదింటికి అయిపోతుంది, ఇప్పటికే ఐదు దాటింది, అప్పుడే రెండుసార్లు ఫోన్ చేసింది. ఈసారి సంక్రాంతికి కాదు, ఫాల్గుణ పౌర్ణమికి టికెట్ చూడు. మీ నాన్నని పాపవినాశనం దాకా బస్సులో తీసుకెళ్దాం, అక్కణ్నించి మనిద్దరం

మళ్లీ ఫోన్. వెళ్తున్నా.

నీ
శీను