ఈ నెల రిపోర్టు ఇరవైకి వస్తుంది

భీమవరం, అమలాపురం, కాకినాడల్లో మా దగ్గర గిట్‌హబ్ (కోడ్ దాచుకుని కలిసి పనిచేసే సైట్) రిపోర్టులు తీసుకుంటున్న టీములన్నిటికీ నమస్కారం.

పదో తేదీన రావలసిన రిపోర్టు ఇరవైకి వస్తుంది. ధర మారదు. ఇన్నాళ్ళూ డేటా కొన్న సర్వీసును మానేశాం. ఇకమీదట పెర్సెవల్ అనే ఓపెన్ సోర్స్ పైథాన్ టూల్‌తో మేమే తీస్తాం.

మానేయడానికి కారణం మీకు తెలియాలి. గిట్‌హబ్ ఏపీఐని (ప్రోగ్రాములు డేటా అడిగే దారి) ఇష్యూల లిస్టు, అంటే నమోదైన సమస్యలూ పనులూ, అడిగితే పుల్ రిక్వెస్టులు (కోడ్ మార్పు కలపమని అడిగేవి) కూడా అందులోనే కలిసి వస్తాయి. పుల్ రిక్వెస్ట్ ఫీల్డ్ ఉన్నవాటిని వేరుచేస్తేనే అసలు ఇష్యూలు మిగులుతాయి. ఆ సర్వీసువాళ్ళు వేరుచేయలేదు. మీ పెండింగ్ లెక్క పెరిగి కనబడింది అందుకే. రెండోది పేజీలు. ఏపీఐ ఒక్కో పేజీకి మామూలుగా 30 ఎంట్రీలు, అడిగితే 100 దాకా ఇస్తుంది. తర్వాతి పేజీ లింకు హెడర్‌లో ఉంటుంది. దాన్ని చివరిదాకా పట్టుకుపోకపోతే పాతవి రానే రావు. సెర్చ్ మీద ఆధారపడితే 1000 ఫలితాల దగ్గరే ఆగిపోతుంది. ఇవన్నీ రాసి పంపితే, "మీ ఏరియా క్లయింట్లకు ఇంత లోతు అవసరమా?" అన్నారు. అవసరమే. కోనసీమలో రాసినా కోడ్ కోడే. ఆ మాట తర్వాత వాళ్ళకు ఇంకో రూపాయి కట్టదలచుకోలేదు.

సొంతంగా తీస్తే ఆలస్యమవుతుందని తెలిసే ఈ నిర్ణయానికొచ్చాం. టోకెన్ (గిట్‌హబ్ ఇచ్చే తాళంచెవి లాంటి కోడ్) లేకుండా ఏపీఐకి గంటకు 60 రిక్వెస్టులే, టోకెన్‌తో 5000. దాళ్వాలో కాలవ నీటికి వంతు కాసినట్టు, కోటా అయిపోతే ఆగాల్సిందే. పెర్సెవల్‌కు రేటు లిమిట్ (ఆ గంట కోటా) దగ్గర నిద్రపొమ్మనే ఆప్షన్ ఇవ్వాలి, లేకపోతే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. పుల్ రిక్వెస్టుల వడపోత ఇక్కడా మనదే. కమిట్లకు, అంటే కోడ్‌లో నమోదైన ఒక్కో మార్పుకు, పూర్తి క్లోన్ (రిపో మొత్తం కాపీ) తీస్తాం. ఆఖరి కమిట్ ఒక్కటే తెచ్చే డెప్త్ 1 క్లోన్‌లో పాత చరిత్ర ఉండదు.

ఒక్కో మనిషికి ఎన్ని కమిట్లన్న పట్టిక మాత్రం తీసేస్తున్నాం, ఎవరడిగినా ఇవ్వం. స్క్వాష్ మెర్జ్ చేస్తే పది కమిట్లు ఒకటవుతాయి. ఒకే మనిషి రెండు ఈమెయిళ్ళతో కమిట్ చేస్తే, మెయిల్‌మ్యాప్ ఫైలు (ఏ ఈమెయిళ్ళు ఒకే మనిషివో చెప్పేది) లేనప్పుడు ఇద్దరిగా లెక్కకు రావచ్చు. ఆ అంకెలతో ఎవరి జీతమూ తేల్చకూడదు.

మీ రిపోలకే పరిమితమైన ఫైన్ గ్రెయిన్డ్ టోకెన్ చేయండి. కంటెంట్స్, ఇష్యూస్, పుల్ రిక్వెస్ట్స్‌కు రీడ్ ఓన్లీ చాలు. వాట్సాప్‌లో పంపొద్దు, ఫోన్ చేస్తే మా మనిషే వచ్చి మీ ఎదుటే టోకెన్ ఎక్కిస్తాడు.