ఎవరికీ అక్కర్లేకపోతే ఇన్ని జట్లు ఎందుకు అడిగాయి?

సంపాదకులకు నమస్కారం.

మీ క్రీడా పేజీలో బేస్‌బాల్ పిచర్ (బంతి విసిరేవాడు) ఎడ్విన్ జాక్సన్ గురించి వచ్చిన వ్యాసం, 14 జట్లు మారాడు కాబట్టి అతను ఎవరికీ అక్కర్లేనివాడని తేల్చేసింది. ఆ 14 జట్లూ ఒకే కారణంతో మారినవి కావు.

అమెరికా మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు నిండేదాకా ఆటగాడి మీద హక్కు క్లబ్బుదే. ట్రేడ్ చేస్తే, అంటే బదులు తీసుకుని వేరే క్లబ్బుకు ఇచ్చేస్తే, పెట్టె సర్దుకోవాల్సిందే. కాంట్రాక్టు, జీతం మారవు, ఇచ్చే చెయ్యి మాత్రం మారుతుంది. 2006 నుంచి 2011 దాకా జాక్సన్‌ను ఆరుసార్లు ట్రేడ్ చేశారు, అన్నీ ఈ దశలోనే. వేగం, తక్కువ జీతం, ఏటా 30కి పైగా మ్యాచ్‌లు మొదటి పిచర్‌గా మొదలుపెట్టగల ఒళ్లు ఉన్నవాణ్ని ఎవరు వద్దంటారు? బదులుగా ఎవరిని ఇచ్చారో చూడండి. 2009 డిసెంబర్‌లో మూడు క్లబ్బుల మధ్య జరిగిన ట్రేడ్‌లో అతను అరిజోనాకు వెళ్తే, అటునుంచి డెట్రాయిట్‌కు వచ్చినవాళ్లలో మాక్స్ షెర్జర్ ఒకడు. 2013లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గెలిచిన షెర్జరే!

2011 జులై 27న జాక్సన్ షికాగో వైట్ సాక్స్ నుంచి టొరంటోకు, అదే రోజు టొరంటో నుంచి సెయింట్ లూయిస్‌కు మారాడు. ఆ ఏడాది వరల్డ్ సిరీస్, అంటే లీగ్ ఫైనల్, సెయింట్ లూయిస్‌దే. మ్యాచ్ ఆడితేనే జట్టు లెక్కలోకి వస్తుంది కనుక అప్పటికి టొరంటో అతని ఖాతాలో చేరలేదు. 2019 మేలో ఓక్లాండ్‌కు డబ్బిచ్చి టొరంటో మళ్లీ తెచ్చుకున్నాకే అది 14వది అయింది.

లోపం లేదనను. బంతి అదుపులో ఉండేది కాదు. 2010 జూన్ 25న, తనను అంతకుముందు వదులుకున్న టాంపా బే సొంత మైదానంలోనే, అరిజోనా తరఫున ఒక్క హిట్టూ (బ్యాటర్ కొట్టి బేస్ చేరడం) ఇవ్వకుండా 1-0తో మ్యాచ్ ముగించాడు. వేసిన బంతులు 149. స్ట్రైక్ జోన్ (బంతి వెళ్లాల్సిన హద్దు) దొరక్క ఎనిమిది మందిని ఊరికే మొదటి బేస్‌కు పంపాడు. మూడో ఇన్నింగ్స్‌లో ఒక్కరూ ఔట్ కాకముందే మూడు బేస్‌లూ అలాగే నింపి, పరుగు ఇవ్వకుండా బయటపడ్డాడు. మంచీ చెడూ ఒకే మ్యాచ్‌లో చూపించిన పిచర్ అతను. ఇలాంటివాణ్ని చూసిన ప్రతి కోచ్‌కూ ‘నేనైతే సరిచేస్తాను’ అనిపిస్తుంది. సగం ట్రేడ్‌లకు మూలం ఆ నమ్మకమేనని నా అనుమానం.

రెండో దశ వేరు. ఫ్రీ ఏజెంట్ (నచ్చిన క్లబ్బుతో సంతకం చేయగలవాడు) అయ్యాక వాషింగ్టన్‌తో ఒక్క ఏడాదికి 1.1 కోట్ల డాలర్లకు, తర్వాత షికాగో కబ్స్‌తో నాలుగేళ్లకు 5.2 కోట్ల డాలర్లకు సంతకం చేసింది అతనే. 2013లో 8 మ్యాచ్‌లు గెలిచి 18 ఓడాడు. కబ్స్ 2015 జులైలో విడుదల చేసింది. గడువు మిగిలిన కాంట్రాక్టుతో విడుదలైతే డబ్బు పాత క్లబ్బు నెత్తిమీదే ఉంటుంది, కొత్త క్లబ్బు లీగ్ కనీస జీతం ఇస్తే చాలు. అట్లాంటా, మయామి, శాన్ డియాగో అతణ్ని తీసుకున్నది ఈ సౌలభ్యం ఉన్న రోజుల్లోనే. ఇక 2018లో ఓక్లాండ్‌కు 17 మ్యాచ్‌లు మొదలుపెట్టి 6 గెలిచి 3 ఓడాడు, ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున పిచర్ ఖాతాలో పడే పరుగులు, తక్కువైతే మేలు) 3.33. అక్కర్లేనివాడి అంకెలా ఇవి?

మీ వ్యాసం అడిగిన ‘ట్రేడ్ కాదనొచ్చుగా’ అన్న ప్రశ్నకు జవాబు కూడా రూల్‌లోనే ఉంది. పదేళ్ల సర్వీసు ఉండి, అందులో చివరి ఐదేళ్లూ ఒకే క్లబ్బులో ఉన్న ఆటగాడికే ట్రేడ్‌ను అడ్డుకునే హక్కును రూల్ ఇస్తుంది. మాటిమాటికీ మార్చేవాడికి ఆ ఐదేళ్లు ఎక్కడ నిండుతాయి? కవచం అవసరమైనవాడికే అది అందదు.

చివరగా ఒక సవరణ. 14 జట్ల రికార్డు ఇప్పుడు జాక్సన్ ఒక్కడిదే కాదు. 2025 జులైలో కాన్సస్ సిటీ తరఫున బరిలో దిగి, 45 ఏళ్ల రిచ్ హిల్ దాన్ని సమం చేశాడు.

ఇట్లు,
ఒక పాఠకుడు