ఏసీ గ్యాస్ పని ఎందుకు ఆపానంటే

ఆదిలాబాద్‌లో నా దగ్గర కారు ఏసీ పని చేయించుకునే పాత కస్టమర్లకు నమస్కారం. ఈ చలికాలం గ్యాస్ నింపడం ఆపేశాను. షాపు తెరిచి పెట్టుకుని గ్యాస్ లేదంటున్నాడని కొందరు కోపంగా వెళ్లిపోయారు. కారణం నా నోటితోనే చెప్పాలి.

చాలా ఏళ్లుగా నాకు ఆర్-134ఎ, అంటే కారు ఏసీలో నింపే గ్యాస్, సిలిండర్లు వేసే డీలర్ ఈసారి కల్తీ సరుకు పంపాడు. సీలు, లేబుల్ చక్కగానే ఉన్నాయి. కానీ కొత్త సిలిండర్ ఏదొచ్చినా రాత్రంతా నీడలో ఉంచి, పొద్దున ఒత్తిడి చూసే గేజ్ పెట్టనిదే నేను వాడను. అసలు గ్యాసైతే 20 డిగ్రీల దగ్గర 68, 25 దగ్గర 82 పీఎస్‌ఐ ఒత్తిడికి కాస్త అటూఇటూ చూపించాలి. ఇది బాగా పైకి పోయింది. మీ బండ్లలో ఒక్కదానికీ అది ఎక్కలేదు.

ఫోన్ చేసి అడిగితే, "పాత బండ్లకే కదన్నా వేసేది, ఎవరికి తెలుస్తది?" అన్నాడు. సరుకు పోయినందుకు కాదు, ఈ మాటకు నాకు నిద్ర పట్టలేదు. నా షాపుకొచ్చేవే పాత మారుతి 800లు, శాంత్రోలు, క్వాలిస్‌లు. వాటిని నమ్ముకునే నేను ఇల్లు నడుపుతున్నాను.

వాడన్నట్టు, ఎవరికీ తెలియదన్న మాట నిజమే. ఎల్పీజీ లాంటిది కలిపినా మొదట్లో చల్లగానే వస్తుంది. కానీ కూలింగ్ కాయిల్ ఉండేది డ్యాష్‌బోర్డు వెనకాల. అక్కడ లీకైతే మండే గ్యాస్ మీ పిల్లలు కూర్చున్న చోటికే వస్తుంది. కల్తీలో వాడే మిథైల్ క్లోరైడ్ అనే ఇంకో గ్యాస్ కలిసిందంటే అల్యూమినియాన్నే తినేస్తుంది, కంప్రెసర్ మిగలదు.

వేరేచోట దొరికింది తెచ్చి సీజన్ గడుపుకోమని ఇంట్లోవాళ్లు, తోటి మెకానిక్‌లు అందరూ చెప్పారు. అద్దె ఉంది, కుర్రాళ్ల జీతాలున్నాయి, వాళ్ల మాటా తప్పు కాదు. ఎన్ని లెక్కలు వేసినా మనసొప్పలేదు. బిల్లుతో వచ్చి, నా గేజ్ దగ్గర నిలిచిన సరుకుతోనే మళ్లీ మొదలుపెడతాను. శివరాత్రిలోపు తెప్పించాలని చూస్తున్నాను. రేటు కొంత పెరుగుతుంది, దాని మీద మాత్రం బేరం వద్దు.

అప్పటిదాకా, చలి కదా అని ఏసీని పూర్తిగా కట్టేయకండి. కంప్రెసర్ తిరిగితేనే గ్యాస్‌తోపాటు ఆయిల్ దాని ఇరుసు దగ్గర గ్యాస్ బయటికి పోకుండా ఆపే షాఫ్ట్ సీలుకు అందుతుంది. నెలల తరబడి ఆపితే పాత సీలు ఎండి, గ్యాస్ అక్కడినుంచే జారిపోతుంది. వారానికోసారి పది నిమిషాలు వేయండి, అదీ మధ్యాహ్నం పూట. మన దగ్గర తెల్లవారుజామున చలికి కొన్ని బండ్లలో కంప్రెసర్ తిరగడం మొదలుపెట్టకపోవచ్చు. వేడిగాలి కూడా కలిపి పెట్టుకోవచ్చు, అద్దం మీద పొగమంచు త్వరగా విడిపోతుంది.

లీకేజీ చూడటం ఆపలేదు. నైట్రోజన్ ఒత్తిడి పెట్టి చూస్తాను, సీలు, పైపు జాయింట్ల రబ్బరు ఓ-రింగులు మారుస్తాను. లీకు మూయకుండా టాపప్ మాత్రం సరుకొచ్చాక కూడా చేయను. గ్యాస్ కోసం అడ్వాన్సు ఇచ్చినవాళ్లు ఎప్పుడొచ్చినా వెనక్కి తీసుకోవచ్చు.